శాఖవారి ఫ్రెంచి

ఆ ఏడు జూన్ పదమూడున బడులు తెరిచారు. పద్నాలుగున మా గొల్లలంక జిల్లా పరిషత్ హైస్కూలుకి ఫ్రెంచి భాష వచ్చింది. తపాలాలో వచ్చింది. మూడు పేజీల ఉత్తర్వు, దాని వెనక రెండు అనుబంధాలు. ‘విశ్వవాణి’ అనే పథకం కింద ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలందరికీ ఫ్రెంచి నేర్పవలెననీ, అందుకు ‘అందుబాటులో ఉన్న మానవ వనరులనే’ వినియోగించుకొనవలెననీ అందులో ఉంది.

అందుబాటులో ఉన్న మానవ వనరు కృపావరం మాస్టారు. మా హిందీ పండితుడు. పంతొమ్మిదేళ్లుగా లంక పిల్లలకి హిందీ చెబుతున్నాడు. ఒక మాట స్త్రీలింగమో పుంలింగమో అనుమానం వస్తే పిల్లల ముందే నిఘంటువు తెరిచి చూసుకునే రకం. సోషల్ చెప్పే నాకు ఆ అలవాటు లేదు. నాకు తెలియని ఊరు మ్యాపులో ఎక్కడుందని అడిగితే ‘ఇంటిదగ్గర చూసుకు రండి’ అంటాను.

హెడ్మాస్టరు సోమసుందరం గారు కృపావరాన్ని పిలిచి కాగితం చేతికిచ్చారు.

“నాకు ఫ్రెంచి రాదండి,” అన్నాడు కృపావరం.

“రాలేదని ఎలా అంటారండీ? పొద్దున్నే వచ్చింది. ఇన్‌వర్డ్ నంబరు కూడా వేశాం.”

“అది కాదండి. ఆ భాష నాకు తెలీదు.”

“మీరు భాషా పండితులా, కాదా?”

“హిందీ పండితుణ్ణండి.”

“ఉత్తర్వులో భాషా పండితుడు అని ఉంది. ఏ భాష అని లేదు. లేనిది మనం ఊహించుకోకూడదు.”

జిల్లా కేంద్రంలో నాలుగు రోజులు శిక్షణ ఇచ్చారు. మొదటిరోజు ప్రారంభోత్సవం. రెండోరోజు విదేశీ భాషల ఆవశ్యకత మీద ఉపన్యాసాలు. మూడోరోజు పథకం తాలూకు ఫారాలు నింపడం ఎలాగో చెప్పారు. నాలుగోరోజు ముగింపు సభ, సర్టిఫికెట్లు. మూడోరోజు భోజనాలకీ టీకీ మధ్య నలభై నిమిషాలు ఖాళీ దొరికితే అందులో ఫ్రెంచి చెప్పారు.

చెప్పినాయన జిల్లా సమన్వయాధికారి త్రినాథరాయుడు గారు. ఆయన అసలు వృక్షశాస్త్రం లెక్చరరు. ఫ్రెంచి వాళ్లు వాడే అక్షరాలు కూడా ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఆ భాష తనకి ముందే సగం వచ్చునని ఆయన నమ్మకం. మిగతా సగం వేసవి సెలవుల్లో పూర్తిచేసి, టీచర్ల కోసం ఒక కరదీపిక రాశారు. ఒక పక్క ఫ్రెంచి మాట, దాని పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ, ఆ పక్కన అర్థం. ఉచ్చారణ ఎలా పట్టారంటే, మాటలో ఉన్న అక్షరాలన్నీ వరసగా పలికారు. ఎవరినీ వదల్లేదు. నమస్కారానికి ‘బోన్‌జౌర్’. చాలా అనడానికి ‘బియౌకౌప్’. బాగున్నారా అనడానికి ‘కొమ్మెంట్ అల్లెజ్ వౌస్’. పక్షులకి ‘ఒయ్‌సియౌక్స్’. ఈ చివరి మాట దగ్గర మాత్రం శిక్షణకి వచ్చిన ఇరవై ఏడుమందీ ఆగిపోయారట. ఆయన చెయ్యి ఊపుతూ అందరిచేతా ముమ్మారు అనిపించారట.

జూలైకల్లా మా బడిలో ఫ్రెంచి మోగిపోయింది. పొద్దున్న ప్రార్థన కాగానే నాలుగొందల గొంతులు ‘బోన్‌జౌర్’ అనేసరికి గోదావరి పాయకి అవతల గట్టు మీద గేదెలు తలెత్తి చూసేవి. పిల్లలకి సరదాగా ఉండేది. సోమసుందరం గారు ఒక్కొక్కరిని ఆపి ‘కొమ్మెంట్ అల్లెజ్ వౌస్’ అని అడిగి, జవాబు కరదీపికలో చూసి సరిపోల్చుకునేవారు.

ఆగస్టులో యూనిట్ టెస్టు పెట్టారు. తొమ్మిదో తరగతిలో ఓలేటి పద్మిని అనే పిల్ల ఉంది. వాళ్ల నాన్న పడవ మీద వేటకి వెళతాడు. నోటి పరీక్షలో ఆ పిల్ల ‘బోఁజూర్’ అంది. ‘బియౌకౌప్’ అనాల్సిన చోట ‘బోకూ’ అంది. పక్షుల దగ్గరికొచ్చేసరికి ‘వాజో’ అంది. ఇరవైకి మూడు మార్కులు వచ్చాయి.

పద్మిని మార్కుల కోసం ఏడవలేదు. క్లాసు అయిపోయాక కృపావరం బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, మా మేనత్త అలా అనదండి.”

“మీ మేనత్తకి ఫ్రెంచి ఎలా వచ్చు?”

“ముప్ఫై ఏళ్లు ఆ దేశంలో ఉందండి. ఇప్పుడు యానాంలో ఉంటంది.”

కృపావరం ఆ ఆదివారమే బస్సెక్కి యానాం వెళ్లాడు. నిఘంటువు తెరిచే మనిషి కదా, ఇంట్లో ఉండలేకపోయాడు.

మేనత్త పేరు భాగ్యవతి. యాభై దాటిన మనిషి. పంతొమ్మిదో ఏట పెళ్లి చేసుకుని భర్త వెంట ఫ్రాన్సులో మార్సెయ్ అనే రేవు పట్నానికి వెళ్లింది. ఆయన యానాం వాడే, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు కాబట్టి ఫ్రెంచి పౌరసత్వం ఉన్నవాడు. ఆయన పోయాక ఆ రేవు బజార్లో సొంతంగా చేపల కొట్టు పెట్టుకుని నడిపింది. మూడేళ్ల కిందట ఇక చాలనుకుని వచ్చేసింది. కృపావరం అరుగు మీద కూర్చుని కరదీపిక తెరిచి ఒక పేజీ పూర్తిగా చదివి వినిపించాడు. ఆవిడ చేతిలో పని ఆపేసి చాలా మర్యాదగా విన్నది.

“బాగానే ఉంది మాస్టారూ. ఇది ఏ భాష?”

కృపావరం పుస్తకం మూసేశాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ నీళ్లు తెచ్చి ఇస్తూ, “దీన్ని ‘ఓ’ అంటారు,” అని చెప్పింది. పుస్తకంలో మూడక్షరాలు రాసి ఉన్నాయి, ‘ఈయౌ’ అని పలకమంటోంది. ఆ మూడింటిలో ఒక్కదాని శబ్దం కూడా ఆ ‘ఓ’లో లేదు. కృపావరం గ్లాసు పట్టుకుని కాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాడట.

“మరి ఇన్ని అక్షరాలు ఎందుకు రాస్తారండీ?” అన్నాడు చివరికి.

“మనింటికి వచ్చిన చుట్టాలందరూ మాట్లాడతారా ఏంటి? కొంతమంది ఊరికే కూర్చుంటారు. ఉండనివ్వాలి.”

అప్పటినుంచి ప్రతి ఆదివారం కృపావరం, పద్మిని కలిసి యానాం వెళ్లేవారు. నలభై ఆరేళ్ల మాస్టారు, పద్నాలుగేళ్ల పిల్ల పక్కపక్కన కూర్చుని పలికేవారు. నాలుక ఎక్కడ పెట్టాలో, గాలి ముక్కులోంచి ఎంత వదలాలో ఆవిడ చూపించేది. సోమవారం స్టాఫ్ రూములో కృపావరం మొహం చూస్తే నాకు తెలిసిపోయేది, నిన్న ఏదో కొత్తమాట సరిగ్గా పలికాడని. ఉద్యోగంలో చేరాక అతన్ని అంత సంతోషంగా నేను చూడలేదు.

సంతోషం పట్టలేకే పొరపాటు చేశాడు. కరదీపికలో నాలుగువందల పన్నెండు తప్పులున్నాయని పట్టిక రాసి, సవినయంగా సమన్వయాధికారికి పంపించాడు. ఎనిమిది రోజుల్లో మెమో వచ్చింది. అది నేను చదివాను.

‘తాము ప్రతిపాదించిన ఉచ్చారణకు ఆధారమైన ఉత్తర్వు సంఖ్య, తేదీ తమ లేఖలో పేర్కొనబడలేదు. యానాం నివాసి అయిన ఒకానొక మహిళ అట్లు పలుకుచున్నదన్న కారణము శాఖాపరముగా చెల్లుబాటు కాదు. అదియునుగాక, ప్రభుత్వముచే ముద్రింపబడిన అక్షరములు ప్రభుత్వ ఆస్తి. వానిని పలుకక విడిచిపెట్టుట దుర్వినియోగము క్రిందికి వచ్చును. ఇకమీదట జాగ్రత్త వహించవలెను.’

ఆ మెమో రాస్తుండగా త్రినాథరాయుడు గారికి ఒక ఆలోచన వచ్చినట్టుంది. నవంబరులో జిల్లా అంతటా ‘అక్షర సద్వినియోగ వారోత్సవం’ జరపాలని ఆదేశం వచ్చింది. వారంపాటు పిల్లలు అట్టలు పట్టుకుని ఊరేగారు. ‘పలుకుదాం పలుకుదాం, ప్రతి అక్షరం పలుకుదాం’ అని నినాదం. రోజూ సాయంత్రం టీచరు ఒక ఫారం నింపి పంపాలి. తరగతిలో వాడిన మాటలెన్ని, వాటిలో ఉన్న అక్షరాలెన్ని, పలికినవెన్ని, పలకనివెన్ని, పలకకపోవడానికి కారణాలు, బాధ్యులపై తీసుకున్న చర్య. ఆ ఆఖరి గడిలో కృపావరం ఏం రాయాలో తోచక ‘బాధ్యులు ఫ్రాన్సులో ఉన్నారు’ అని రాశాడు. దానికి ఇంకో మెమో వచ్చింది.

సోమసుందరం గారు అతన్ని కూర్చోబెట్టి మంచిమాటగా చెప్పారు.

“మీరు ఆదివారం ఎలా పలికినా నాకు అభ్యంతరం లేదండి. బడిలో మాత్రం బడిలా పలకండి.”

“పిల్లలకి తప్పు చెప్పమంటారా?”

“తప్పని ఎవరు తేల్చారు? తప్పొప్పులు తేల్చడానికి కమిటీ వెయ్యాలి. కమిటీ వెయ్యలేదు కాబట్టి తప్పు లేదు.”

డిసెంబరులో అసలు కబురు వచ్చింది. జిల్లా నుంచి నలుగురు పిల్లల్ని ఎంపిక చేసి, వేసవిలో పదిరోజులు ఫ్రాన్సు తీసుకెళతారట. ఎంపిక పూర్తిగా నోటి పరీక్ష మీదే. పద్మిని ఆ రోజు నుంచి దాని గురించి తప్ప మరో మాట మాట్లాడలేదు. మేనత్త చేపలమ్మిన రేవు చూడాలనీ, ఆవిడ కొట్టు ఉన్న చోట నిలబడి ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడాలనీ ఆ పిల్ల కోరిక. వాళ్ల నాన్న బడికి వచ్చి కృపావరంతో, “మా పిల్లకి వస్తదంటారా అండి?” అని అడిగి, జవాబు వినడానికి భయపడి వెంటనే వెళ్లిపోయాడు.

కృపావరం మూడు రోజులు ఆలోచించాడు. నాలుగోరోజు పద్మినిని పిలిచి కరదీపిక చేతికిచ్చాడు.

“ఇది కంఠతా పట్టమ్మా. పరీక్షలో ఇలాగే చెప్పు. అక్కడికి వెళ్లాక నీకొచ్చింది మాట్లాడుకో.”

“తప్పని తెలిసి కూడానా సార్?”

“అవును,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల కళ్లలోకి చూడలేకపోయానని నాతో చెప్పాడు.

పద్మిని నేర్చేసుకుంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, శాఖవారి ఫ్రెంచి, మొత్తం అయిదు భాషలు వచ్చేశాయి.

ఫిబ్రవరిలో ఎంపిక మా బడిలోనే పెట్టారు. పరీక్ష కమిటీలో ఆ భాష మాతృభాష స్థాయిలో మాట్లాడే ‘సహజ వక్త’ ఒకరుండాలని నిబంధన ఉంది. ఇరవై ఏడు బడులు వెతికినా ఎవరూ దొరకలేదు. సోమసుందరం గారు భాగ్యవతి పేరు చెప్పారు. ఆవిడ మంచి చీర కట్టుకుని పాస్‌పోర్టు కూడా పట్టుకుని వచ్చింది.

త్రినాథరాయుడు గారు ఆ పాస్‌పోర్టు తిరగేసి చూశారు. “తమరు ఫ్రెంచి పౌరులు. సంతోషం. కాని పౌరసత్వం వేరు, ఉచ్చారణ వేరు. అర్హతా పత్రం ఏదైనా ఉందా?”

“లేదు బాబూ.”

“అయితే నిబంధనల ప్రకారం ఎనిమిదో తరగతి నోటి పరీక్షకి తమరు హాజరు కావలసి ఉంటుంది. ఉత్తీర్ణులైతే ఈ కుర్చీ తమరిదే.”

భాగ్యవతి నవ్వు ఆపుకుని పిల్లల వరసలో కూర్చుంది. హాల్లో ఇరవై ఏడు బడుల పిల్లలు, టీచర్లు. త్రినాథరాయుడు గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“చేప. ఫ్రెంచిలో ఏమంటారు?”

“ప్వాసోఁ.”

“తప్పు. పోయిస్సోన్.”

“ఇరవై రెండేళ్లు అమ్మాను బాబూ దాన్ని. ఆ పేరు చెప్పే అమ్మాను.”

“అమ్మకాలు ఈ పరీక్ష పరిధిలోకి రావమ్మా. తరవాతి ప్రశ్న. నీళ్లు?”

“ఓ.”

ఆయన కాసేపు ఎదురుచూశారు. ఆవిడ ఇంకేమీ అనలేదు. ‘ప్రశ్న విని ఆశ్చర్యము వెలిబుచ్చిరి. సమాధానము చెప్పలేదు,’ అని కాగితం మీద రాసుకున్నారు. అలా ఇరవై అయిదు ప్రశ్నలయ్యాయి. చివర మార్కులు పైకి చదివారు. యాభైకి పదకొండు. కష్టపడితే వచ్చే ఏడు మెరుగుపడవచ్చునని ధైర్యం చెప్పారు.

హాల్లో ఎవరో నవ్వారు. తరవాత చాలామంది నవ్వారు. భాగ్యవతి లేచి పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుని గోడవారగా వెళ్లి నిలబడింది. చేపలు బేరమాడేవాళ్లు ఎన్ని మాటలన్నా పడిన మనిషి. ఆ రోజు మాత్రం తల కొద్దిగా దించుకుంది.

పద్మిని పేరు పిలిచారు. ఆ పిల్ల ముందుకొచ్చి నిలబడింది. మేనత్త కేసి చూసింది.

“నమస్కారం?”

“బోఁజూర్,” అంది పద్మిని.

కృపావరం కుర్చీలో ముందుకి వంగాడు. ఆ పిల్లకి పుస్తకమంతా నోటికి వచ్చునని అతనికి తెలుసు. కాని ప్రతి ప్రశ్నకీ మేనత్త చెప్పినట్టే, నిదానంగా, హాలు చివరిదాకా వినబడేలా చెప్పింది. చేప అడిగితే “ప్వాసోఁ” అంది. యాభైకి తొమ్మిది వచ్చాయి. ఇరవై ఏడు బడుల్లో అన్నిటికన్నా తక్కువ.

బయట కొళాయి దగ్గర కృపావరం అడిగాడు, “ఎందుకమ్మా అలా చేశావు?”

“అత్తకి పదకొండు వచ్చాయి కదండి. నాకు అంతకన్నా ఎక్కువొస్తే బాగోదండి.”

కృపావరం జేబు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎండ అంత లేదు.

ఒక్క అక్షరం కూడా వదలకుండా పలికిన నలుగురు పిల్లలు ఎంపికయ్యారు. వాళ్లని తీసుకుని ఏప్రిల్ ఆఖరున త్రినాథరాయుడు గారు ఫ్రాన్సు వెళ్లారు. తిరిగొచ్చాక సమర్పించిన పర్యటన నివేదిక ప్రతి అన్ని బడులకీ వచ్చింది. ‘ఆ దేశమున ఫ్రెంచి ఉచ్చారణా ప్రమాణములు ఆందోళనకరముగా క్షీణించియున్నవి. ఒక్కొక్క పదమునందు సగటున మూడక్షరములు విడిచిపెట్టబడుచున్నవి. పాఠశాల విద్యార్థులు మొదలు రైల్వే సిబ్బంది వరకు ఎవరును మన పిల్లల ఫ్రెంచిని గ్రహించు స్థితిలో లేరు. కావున మన కరదీపిక ప్రతులు వంద వారి విద్యాశాఖకు ఉచితముగా పంపుట సముచితము.’

పంపారు.

అదే తపాలాలో కృపావరానికి మూడో మెమో వచ్చింది. ఎంపిక పరీక్షలో అనధికార ఫ్రెంచి వినబడడానికి అతనే కారకుడనీ, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ.

జూలై మొదటి ఆదివారం యానాంలో పాఠం జరుగుతుండగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. త్రినాథరాయుడు గారు. ఒక్కరే వచ్చారు, చేతిలో కొత్త నోట్సు పుస్తకం. కృపావరం లేచి నిలబడబోతే, “కూర్చోండి, కూర్చోండి. నేను శాఖాపరంగా రాలేదు,” అన్నారు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

“అక్కడ రెండోరోజు నేను పిల్లల్నించి తప్పిపోయానమ్మా. స్టేషన్లో అందరినీ దారి అడిగాను, కరదీపిక చూసే అడిగాను. వాళ్లు నా భుజాలు పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టారు. నాకు పక్షవాతం వచ్చి నాలుక పడిపోయిందనుకున్నారు. ఆస్పత్రిలో చేర్చారు.”

“అయ్యో,” అంది భాగ్యవతి.

“నాకేం జబ్బు లేదని డాక్టరుకి చెప్పుకున్నాను. అది కూడా కరదీపికలోంచే చెప్పాను. దాంతో ఇంకో రెండు రోజులు ఉంచేశారు.” ఆయన నోట్సు పుస్తకం అంచు సవరించుకుంటూ ఆగారు. “మళ్లీ వచ్చే ఏడు వెళ్లాలి. మీరు కాస్త నేర్పితే...”

భాగ్యవతి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఎంత చెడ్డా, పరాయి దేశంలో మాట చెల్లక మంచం మీద పడుకున్న మనిషి. మొదటి రోజుల్లో ఆవిడకీ ఆ అనుభవం ఉంది. చాప చూపించింది. ఆయన పద్మిని పక్కన కూర్చున్నారు.

పాఠం అయ్యాక కృపావరం మొహమాటపడుతూనే అడిగాడు. “సార్, బుధవారంతో నా సంజాయిషీ గడువు అయిపోతుందండి. ఏం రాయమంటారు?”

“ఎందుకు దిగులు? రాసుకోండి,” అని త్రినాథరాయుడు గారే పేజీన్నర చెప్పారు. పొరపాటు తెలియక జరిగినదనీ, ఇకమీదట ప్రతి అక్షరమును యథాతథముగా పలుకుదుననీ, దయతో క్షమించవలెననీ. కామాలు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పారు. కృపావరం మంగళవారం దాన్నే పంపించాడు.

శుక్రవారం జవాబు వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. కృపావరాన్ని అభిశంసిస్తూ సర్వీసు రిజిస్టరులో నమోదు చేయమని, ఫ్రెంచి తరగతులు తక్షణమే డ్రిల్లు మాస్టారుకి అప్పగించమని ఆదేశం. కింద సంతకం త్రినాథరాయుడు గారిదే. ఇరవై ఏళ్ల సర్వీసులో అతని రిజిస్టరు మీద పడిన మొదటి మచ్చ అది. అతను హిందీ పుస్తకం తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్లాడు. ఆ రోజు పాఠం బాగానే చెప్పాడని పిల్లలన్నారు.

ఆదివారం త్రినాథరాయుడు గారు సరిగ్గా టైముకే వచ్చారు. చెప్పులు విడుస్తూ, “మీ సంజాయిషీ కొంచెం బలహీనంగా ఉందండీ కృపావరం గారూ,” అన్నారు సానుభూతిగా.

“మీరు చెప్పిందే కదండి రాశాను.”

“చెప్పినవాడు వేరు, చదివినవాడు వేరు. ఆఫీసులో నేను నేనుగా ఉండను కదా.”

భాగ్యవతి లోపల నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. సంగతంతా పద్మిని అప్పటికే చెప్పేసింది. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి త్రినాథరాయుడు గారి మొహంలోకి సూటిగా చూసి, ఫ్రెంచిలో ఒక వాక్యం అంది. ఒక్కటే, కాస్త పొడుగైనది. మార్సెయ్ రేవులో పాత చేపని తాజాది అని అంటగట్టబోయినవాడితో అనేది. కృపావరం చప్పున తన పుస్తకంలోకి తల దించుకున్నాడు.

“ఏమన్నారమ్మా?” అని త్రినాథరాయుడు గారు పద్మినిని అడిగారు.

పద్మిని ఒక్క క్షణం ఆలోచించింది. “దయచేసి కూర్చోండి అని, పెద్దవాళ్లతో మర్యాదగా అనే మాటండి.”

ఆయనకి ఆ మాట నచ్చింది. వచ్చే నెల జిల్లాకి ఫ్రాన్సు నుంచి ప్రతినిధులు వస్తున్నారట, స్వాగతానికి పనికొస్తుందన్నారు. పద్మిని చేత అక్షరం అక్షరం చెప్పించుకుని నోట్సులో రాసుకున్నారు. కింద గీత కూడా గీసుకున్నారు.

“ఇందులో ఏయే అక్షరాలు పలక్కూడదమ్మా?”

“మీరు అన్నీ పలకండి సార్,” అంది పద్మిని. “గట్టిగా పలకండి.”